గాలి పట్టిన లాంచీ

నది సముద్రంలో కలవబోయే ముందు, ఒళ్లు విరుచుకుని పడుకున్నట్టు బాగా వెడల్పయ్యే చోట, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒక లాంచీ తిరుగుతుండేది. దాని చక్రం పట్టేది సరంగు. ఇంజను చూసేది ఆయన భార్య. మొగుడు పైన, పెళ్లాం కింద, మధ్యలో ఒక చెక్క డెక్కు. టిక్కెట్లు కొట్టేది సరంగు చెల్లెలు. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు, ఒకే క్యారియరులోంచి తినేవాళ్లు. ఇంటికి తాళం ఉండే పొద్దే ఎక్కువ. "మీ సంసారానికి నేల కన్నా నీళ్లే అచ్చొచ్చాయి" అని ప్రయాణికులు నవ్వేవాళ్లు.

ఇంజను చూసే ఆవిణ్ణి అందరూ ఇంజనమ్మ అనేవారు. ఆమె తండ్రి మెకానిక్కు. బొమ్మలతో ఆడుకోవలసిన వయసులో ఆమె నట్లూ బోల్టులతో ఆడుకుంది. అందుకని పెళ్లయి వచ్చిన కొత్తలోనే, లాంచీ ఇంజను మొరాయిస్తే కుచ్చిళ్లు ఎగదోపుకుని కిందికి దిగింది. దిగినావిడ మరి పైకి రాలేదు.

పైన అరిచినా కింద ఇంజను హోరులో వినపడదు గనక వాళ్ల మధ్య గంట ఉండేది. సరంగు పైన తీగ లాగితే కింద ఇత్తడి గంట మోగేది. ఒకసారి మోగితే ముందుకు, రెండుసార్లయితే ఆపు, మూడుసార్లయితే వెనక్కి, నాలుగుసార్లయితే నెమ్మది. పెళ్లయిన కొత్తలో సరంగు ఏ పనీ లేకపోయినా నది నడిమధ్యలో తీగ ఊరికే అలా కదిపేవాడు. ఏ లెక్కలోకీ రాని గంట అది. కింద ఆమె ఒంటరిగా నవ్వుకునేది. ఇంజనుకు తప్ప ఆ నవ్వు సంగతి ఎవరికీ తెలియదు.

చెవులు ఎప్పటి నుంచి మొండికేశాయో ఆమెకు సరిగ్గా తెలియదు. ముందు పిట్టలు పోయాయి. తర్వాత పొయ్యి మీద నీళ్లు కాగే చప్పుడు పోయింది. ఆ తర్వాత మనుషుల మాటలకు చివర్లు ఎలకలు కొరికినట్టు పోవడం మొదలుపెట్టాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాళ్ల పెదవులు చూడటం నేర్చుకుంది. వినపడని చోట "ఆఁ" అనేది, మరీ వినపడకపోతే "నీ ఇష్టం" అనేది. "మా వదినంత మెతక మనిషి లేదు, ఏమన్నా సరేనంటుంది" అని ఆడపడుచు అందరితో గొప్పగా చెప్పుకునేది. గంట విషయంలో కూడా ఉపాయం కనిపెట్టింది. గంట మోగటాన్ని వినడం మానేసి, ఊగటాన్ని చూడటం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం ఆమె గంటకు వీపు పెట్టి, వంగి, ఇంజను కింద కారిన నూనె తుడుస్తోంది. పైన సరంగు ఆపమని గంట కొట్టాడు. మళ్లీ కొట్టాడు. లాంచీ వెళ్లి రేవుకు కట్టిన టైర్లను గుద్దుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. బంగాళాదుంపల బస్తా ఒకటి పడి మూతి ఊడింది, దుంపలు డెక్కు మీద బంతుల్లా దొర్లాయి. అందరూ నవ్వుతూ ఏరిపెట్టారు. సరంగు మాత్రం నవ్వలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకు లాంచీ యజమాని రేవుకొచ్చాడు. ఇంజనమ్మను పిలిచి, "వచ్చే నెల నుంచి రేవు మీద టిక్కెట్ల గదిలో కూర్చోమ్మా. నీడపట్టున ఉంటావు. మీ ఆయనే అడిగాడు" అన్నాడు. ఆయన పెదవులు స్పష్టంగా కదిలాయి. ఒక్క అక్షరం కూడా ఎలక కొరకలేదు.

ఆ రోజు నుంచి ఆమె మొగుడితో మాట్లాడటం మానేసింది.

మధ్యలో నలిగింది ఆడపడుచే. పడవలో టిక్కెట్లు కొట్టడమే కాక పైకీ కిందికీ మాటలు మోయడం కూడా ఆమె నెత్తిన పడింది.

"వదినా, అన్నయ్య డీజిల్ ఎంతుందో అడగమన్నాడు."

"చాలినంత ఉందని చెప్పు."

"అన్నయ్యా, చాలినంత ఉందట."

"అన్నం తిందేమో అడుగు."

"వదినా, అన్నం తిన్నావా అంటున్నాడు."

"టిక్కెట్ల గదిలో కూర్చున్నాక తీరిగ్గా తింటానని చెప్పు."

ఆడపడుచు మెట్ల మధ్యలో కూలబడేది. "మీరిద్దరూ నన్ను తాడు చేసి చెరో చివరా లాగుతున్నారు. తెగిపోతే మళ్లీ ముడేసే ఓపిక కూడా మీకే ఉండాలి" అనేది.

మనసు అలా వికలమై ఉన్న రోజుల్లోనే ఇంజనమ్మ ఫిల్టర్లు మార్చింది. నూనె ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు రెండూ. ఎన్నోసార్లు చేసిన పని. పాతవి విప్పి, గిన్నెలు కడిగి, కొత్తవి బిగించి, పైనున్న చిన్న స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి లోపల చిక్కుకున్న గాలంతా తీసింది. చేతులు పని చేస్తున్నాయే గానీ మనసు యజమాని పెదవుల దగ్గరే ఉంది. స్క్రూ కింద ఉండే రాగి వాషరు నొక్కుకుపోయి గట్టిపడిందని వేళ్లు చెప్పాయి. రేపు చూద్దాంలే అనుకుని దాన్నే పెట్టి బిగించేసింది.

మర్నాడు పొద్దున లాంచీ బయల్దేరేసరికి పొగమంచు పల్చగా, ఆరేసిన తెల్లటి చీరలా ఉంది. అవతలి ఒడ్డు చెట్లు లీలగా కనిపిస్తున్నాయి. ప్రయాణికులు ఎక్కువ మంది లేరు. మొక్కలు అమ్మే ఆవిడ తన గంపలతో, పటాలు చుట్టగా చుట్టి చంకన పెట్టుకున్న పంతులుగారు, గొడుగులు బాగుచేసే తాత, ఇంకో నలుగురైదుగురు. నది మధ్యకు వచ్చేసరికి చీర కాస్తా దుప్పటైంది. దుప్పటి పరుపైంది. సరంగు తన చేతిలోని చక్రం తప్ప మరేమీ కనపడక వేగం తగ్గించమని గంట కొట్టాడు.

కింద ఇంజనమ్మ అరచెయ్యి ఇంజను మీద ఆనించి ఉంచింది. చెవులు తగ్గాక అరచెయ్యే ఆమెకు చెవి అయింది. ఆ చేతికి ఏదో తేడా తెలిసింది. ఇంజను ఊపిరి ఎగపీల్చినట్టు ఒకసారి జోరందుకుంది, వెంటనే నీరసపడింది. మళ్లీ జోరందుకుంది. మళ్లీ నీరసపడింది. కలలో పరుగెత్తే మనిషి కాళ్లలా తడబడి, చివరికి ఆగిపోయింది.

అప్పుడు కమ్ముకున్న నిశ్శబ్దం మామూలుది కాదు. ఆమె ఒంట్లో రాత్రింబవళ్లు నడిచే అదురు ఒక్కసారిగా పోయింది. గుండ్రటి కిటికీలోంచి చూస్తే నీళ్లు లేవు, ఆకాశం లేదు, అంతా పాలు. లాంచీ కదులుతోందో, నిలబడిందో, పైకి తేలిపోతోందో చెప్పలేని స్థితి. పైన ఎవరూ కంగారు పడ్డట్టు లేదు. మొక్కల గంపల్లోంచి తడి మట్టి వాసన మెట్ల మీదుగా కిందికి దిగి వచ్చింది. ఇంజనమ్మకు తను ఇంజను గదిలో కాక ఎక్కడో తోటలో మేలుకున్నట్టు అనిపించింది.

చాలాసేపు లాంచీ నిద్రలో నడిచే మనిషిలా తనకు తోచిన దారిన పోయింది. తర్వాత అడుగున ఇసుక మెత్తగా తగిలింది. పడుకున్న పసిబిడ్డను మంచం మీదకి దించినంత మెత్తగా, లాంచీ ఒక ఇసుకతిన్నె మీద ఆనింది.

ఆడపడుచు మెట్ల దగ్గర తల పెట్టి, వదినకు పెదవులు కనపడేలా వంగి, "వదినా, అన్నయ్య ఏమైందని అడుగుతున్నాడు" అంది.

"గాలి పట్టిందని చెప్పు. డీజిల్లోకి గాలి దూరింది."

"అన్నయ్యా, గాలి పట్టిందట."

"ఏం చెయ్యాలో అడుగు."

ఇంజనమ్మ పానా చేతిలోకి తీసుకుంది. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు చేతిపంపు కొడుతుంటే ఇంకొకరు స్క్రూ దగ్గర ఉండాలి. రేవు దగ్గరైతే ఒక్కతే అటూ ఇటూ తిరిగి చేసుకునేది. ఇక్కడ పోటు తిరిగే వేళ, నీళ్లు లేచేలోపు ఇంజను సిద్ధం కాకపోతే లాంచీ తేలి సముద్రం వైపో, రాళ్ల వైపో పోతుంది.

"వచ్చి పంపు కొట్టమను" అంది.

సరంగు దిగి వచ్చాడు. తన లాంచీ కింది గదిలోకి చుట్టం ఇంటికి వచ్చినట్టు తల వంచుకుని వచ్చాడు. ఆమె వేలితో చేతిపంపు మీట చూపించింది. ఆయన కొట్టడం మొదలుపెట్టాడు. ఆమె ఫిల్టరు మీద స్క్రూ పానాతో అరచుట్టు తిప్పింది.

ముందు తెల్లటి నురగ వచ్చింది. డీజిల్ కాదు, గాలీ కాదు, రెండూ కలిసిన నురగ. బుడగలు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వచ్చి స్క్రూ అంచున పగులుతున్నాయి. అవి పగిలేటప్పుడు సన్నగా బుస్సుమని చప్పుడు వస్తుందని ఆమెకు గుర్తుంది. ఇప్పుడది ఆమెకు వినపడదు. వేలికొన పెట్టి చూసింది. గాలి ఉన్నంతసేపు డీజిల్ తేలిగ్గా, గిలిగింత పెట్టినట్టు తగులుతుంది. గాలి పోయాక బరువుగా, జిడ్డుగా, నిదానంగా పారుతుంది. ఆమె వేలు అక్కడే ఉంచి కళ్లు మూసుకుంది. సరంగు పంపు కొడుతూ ఆమె ముఖమే చూస్తున్నాడు. ఇంత దగ్గరగా ఆ ముఖాన్ని చూసి చాలా రోజులైంది.

బుడగలు తగ్గాయి, పోయాయనిపించింది, మళ్లీ వచ్చాయి. ఆమె స్క్రూ పూర్తిగా విప్పి వాషరు తీసి చూసింది. అంచున వెంట్రుకంత గీత ఉంది.

"ఇక్కణ్ణుంచే పీలుస్తోంది" అంది. అన్నాక గానీ, నేరుగా ఆయనతోనే మాట్లాడానని ఆమెకు తట్టలేదు.

"డీజిల్ కారలేదే మరి" అన్నాడాయన తడుముకుంటూ.

"బయటికి కారదు. పంపు లోపలికి లాగుతుంది కదా, గాలే దూరుతుంది. పైకి ఏమీ కనపడదు. నడిచినంతసేపు నడిచి, ఒకచోట ఆగిపోతుంది."

ఆమె టీ కాచుకునే స్టవ్ వెలిగించి, వాషరును పట్టకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచింది. గట్టిపడిన రాగి మళ్లీ మెత్తబడుతుంది. దాన్ని నున్నగా రుద్ది, స్క్రూకు తొడిగి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి నురగ తొందరగా తగ్గింది. బుడగ లేని డీజిల్ వేలి మీదుగా జారింది. ఆమె చెయ్యెత్తి ఆపమని సైగ చేసి, స్క్రూ బిగించింది.

అప్పుడే ఆడపడుచు మెట్లన్నీ దడదడా దిగింది. పైనున్నవాళ్లు ఊరికే కూర్చోలేక ఇసుకతిన్నె మీదకు దిగారట. చీలమండ లోతు నీళ్లలో, మబ్బుల మీద నడుస్తున్నట్టుందని మురిసిపోతూ చిన్నపిల్లల్లా తిరిగారట. నీళ్లు పెరగడం చూసి అందరూ ఎక్కేశారు. గొడుగుల తాత మాత్రం కనపడటం లేదు. పిలిస్తే పలకడం లేదు.

"నేను వెళ్తా" అన్నాడు సరంగు.

"నువ్వు లాంచీ వదిలి ఎలా వెళ్తావు? తేలితే చక్రం ఎవరు పట్టాలి? నేను వెళ్తాను."

"నువ్వు వద్దు. దారి తప్పితే గంట కొట్టినా నీకు విన..."

మాట అక్కడ ఆగిపోయింది. అంతవరకూ వాళ్ల మధ్య ఎవరూ పైకి అనని మాట అది. ఆడపడుచు నేల చూపులు చూసింది. ఇంజనమ్మ చేతులు తుడుచుకుని పానాను మొగుడి చేతిలో పెట్టింది.

"ఫిల్టరు వరకూ అయింది. ఇంకా ఆ పెద్ద పంపు మీద స్క్రూ ఉంది, అక్కడ తియ్యాలి. తర్వాత ఇంజెక్టర్ల నట్లు కొంచెం కొంచెం వదులు చేసి, చెల్లెల్ని స్టార్టరు నొక్కమను. అక్కడా బుడగలు పోయాక బిగించు. ఇన్నేళ్లుగా నా చేతులు చూస్తూనే ఉన్నావుగా" అని, ఆయన ఇంకో మాట అనేలోపు మెట్లెక్కి, నిచ్చెన దిగి, పొగమంచులోకి వెళ్లిపోయింది.

నాలుగడుగులు వేసేసరికి వెనక లాంచీ లేదు. ముందు ఏమీ లేదు. నీళ్లు గోరువెచ్చగా చీలమండలను తాకుతున్నాయి, పైన మంచు చల్లగా చెంపలను తాకుతోంది. తన చేతులు చాపితే వేళ్లు లీలగా మాయమవుతున్నాయి. ఆమెకు భయం వెయ్యలేదు. విచిత్రంగా, హాయిగా ఉంది. ఇక్కడ ఎవరి పెదవులూ చూడక్కర్లేదు. వినపడిందా లేదా అని ఎవరూ పరీక్షించరు. లోకమంతా తన చెవులంత మెత్తగా అయిపోయింది. కొంగలు కొన్ని గుంపుగా నిలబడి ఉన్నాయి, ఆమె మధ్యలోంచి నడిస్తే పక్కకు జరిగి దారిచ్చాయి. ఒక్కటి కూడా ఎగరలేదు.

ఎంత దూరం నడిచిందో తెలియదు. తెల్లదనంలో ఒక నల్లటి గుండ్రటి మచ్చ కనిపించింది. దగ్గరికెళితే అది గొడుగు. గొడుగు కింద తాత. ఇంట్లో వసారాలో నిలుచున్నంత నింపాదిగా ఉన్నాడు.

"ఇక్కడేం చేస్తున్నావు తాతా?"

తాత ఏదో అన్నాడు. ఆమెకు అందలేదు. దగ్గరకు జరిగి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కళ్ల మీద పొరలు ఇంత మంచులోనూ తెల్లగా కనిపించాయి.

"మళ్లీ చెప్పు తాతా. నాకు చెవులు వినపడవు" అంది.

ఆ మాట అంత సులువుగా నోట్లోంచి జారిపోతుందని ఆమె అనుకోలేదు. ఏళ్ల తరబడి దాచిన మాట. విన్న తాత ఆశ్చర్యపోనైనా లేదు.

తాత గొంతు పెంచి, మాటలు విడదీసి చెప్పాడు. "నాకు రోజూ ఇంతే కదమ్మా. ఇవాళ మీ అందరికీ నా కళ్లొచ్చాయి. ఎవరూ చెయ్యి పట్టుకోకుండా కాస్త నడుద్దామనిపించింది. లాంచీ దిగితే చాలు, మా కోడలు చెయ్యి వదలదు. మంచిదే పాపం, నేను పడతానని దాని భయం."

"పడ్డావా మరి?"

"ఒకసారి పడ్డాను. బాగుంది."

ఆమె నవ్వింది. తాతా నవ్వాడు. నవ్వుతూ ఉండగానే నీళ్లు పిక్కల దాకా వచ్చాయని ఇద్దరికీ తెలిసింది.

"పద తాతా, వెళ్దాం. గంట ఏమన్నా వినపడుతోందా?"

"కొడుతూనే ఉన్నారు తల్లీ ఇందాకట్నించి."

"ఎటు నుంచి?"

తాత తల అటూ ఇటూ తిప్పాడు. "అన్ని వైపుల నుంచీ" అన్నాడు.

మంచులో చప్పుడుకు ఇల్లూ వాకిలీ ఉండదు. తాత చూపించిన వైపు నడిస్తే నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. వెనక్కి తగ్గి ఇంకో వైపు నడిస్తే కాలి కింద ఇసుక జారింది. గుడ్డివాడికి చెవిటిది తోడు అన్న సామెత ఆమెకు గుర్తొచ్చింది గానీ ఈసారి నవ్వు రాలేదు. ఇందాకటి హాయి అంతా ఒక్కసారిగా చల్లబడింది. మొగుడు సగంలో మింగేసిన మాట గుర్తొచ్చింది. ఆ మాట నిజం. నిజమని ఆయనకన్నా ముందే తనకు తెలుసు. తాత చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది.

అలా కదలకుండా నిలబడినప్పుడు, అరికాళ్ల కింద ఇసుకలో ఏదో కదిలింది. చేపేమో అనుకుంది. కాదు. టక్ టక్ మని రెండు మూడు దెబ్బలు, ఆగింది. మళ్లీ కొన్ని దెబ్బలు, ఆగింది. ఎవరో కింద నుంచి నేలను వేలితో తడుతున్నట్టు. మూడోసారి ఆ దెబ్బలు ఆగలేదు. ఒకదాని వెంట ఒకటి, తడబడుతూ, సర్దుకుంటూ, నిలకడగా సాగాయి.

"అంటుకుంది" అంది ఆమె.

"ఏమిటమ్మా?"

"ఇంజను. మా ఆయన ఒక్కడే గాలి తీసేశాడు."

ఒకవైపు కొన్ని అడుగులు వేసింది. అదురు పల్చబడింది. వెనక్కి వచ్చి ఇంకో వైపు వేసింది. చిక్కబడింది. తాతను వెంటబెట్టుకుని, చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టు, కాళ్లతో నేలను తడుముకుంటూ నడిచింది. మధ్యలో నీళ్లు మోకాళ్లు దాటాయి. తాత గొడుగు మడిచి ఆమె భుజం పట్టుకున్నాడు. ఇంకాస్త దూరం పోయాక తాత ముక్కు ఎగరేసి, "డీజిల్ పొగ" అన్నాడు. ఆ వెంటనే లాంచీ పక్క చెక్కలు వాళ్ల ముందు గోడలా లేచాయి.

పైకి లాగింది పంతులుగారూ మొక్కలావిడా. ఆడపడుచు వదినను కావలించుకుని ఏడ్చింది, ఏడుస్తూనే తిట్టింది. "గంట కొట్టి కొట్టి నా చెయ్యి పడిపోయింది. తాతా, నీకైనా వినపడలేదా?"

"వినపడిందమ్మా. అది ఎక్కడుందో చెప్పలేదు" అన్నాడు తాత.

ఇంజనమ్మ కిందికి దిగింది. సరంగు ఇంజను పక్కన చతికిలబడి ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా డీజిల్. చొక్కా డీజిల్. ముఖం మీద కూడా డీజిలే, కళ్ల దగ్గర మాత్రం రెండు చారలు కడిగినట్టున్నాయి. ఆమెను చూసి లేవబోయి, కాళ్లు తిమ్మిరెక్కి మళ్లీ కూర్చున్నాడు. ఆమె ఇంజను మీద అరచెయ్యి ఆనించింది. చుక్క గాలి లేదు. ఒక నట్టు మాత్రం కాస్త వదులుగా ఉంది. దాన్ని బిగించి, మెట్ల వైపు చూపించింది. ఆయన పైకి వెళ్లాడు. నీళ్లు లాంచీని ఇసుక మీదనుంచి నెమ్మదిగా పైకెత్తాయి.

అవతలి రేవు చేరేసరికి మంచు విడిపోయి ఎండొచ్చింది. దిగే తొందర ఎవరికీ లేదు. మంచి నిద్రలోంచి లేచినవాళ్లలా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మెల్లగా దిగారు. తాత కోడలు రేవులోనే కాచుకుని ఉంది. తడిసిన పంచె చూసి తల బాదుకుంది. తాత ఏమీ ఎరగనట్టు గొడుగు చంకలో పెట్టుకుని ఆమె వెంట వెళ్లాడు.

అందరూ వెళ్లాక మొగుడూ పెళ్లాం డెక్కు అంచున కూర్చున్నారు. ఆడపడుచు టీ పట్టుకొచ్చి ఇచ్చి, ఈసారి తన అవసరం లేదని గ్రహించి ఒడ్డుకు వెళ్లిపోయింది.

"నువ్వు యజమానికి చెప్పావని కాదు నా కోపం" అంది ఇంజనమ్మ. "ముందు నాకు చెప్పాల్సింది."

సరంగు టీ గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, పెదవులు కనపడేలా చెప్పాడు. "చెప్పాను. చాలాసార్లు చెప్పాను. నువ్వు అటు తిరిగి పడుకున్నప్పుడు. గిన్నెలు కడుగుతున్నప్పుడు, నీ వెనక నిలబడి. నీకు వినపడదని తెలిసే చెప్పాను. ఇటు తిరిగితే నోరు పెగిలేది కాదు."

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది. "ఇంకా ఏమేం చెప్పావు అప్పుడు?" అంది.

"అవన్నీ ఇప్పుడెందుకు?" అని ఆయన ఎర్రబడ్డాడు.

"ఒక్కొక్కటీ చెప్పు. తొందరేం లేదు."

ఆ రోజు లాంచీ తిరుగు ప్రయాణం బాగా ఆలస్యమైంది. ఎందుకని అడిగినవాళ్లకు, గాలి తీస్తున్నారని ఆడపడుచు చెప్పింది.

ఆ వారంలోనే ఇద్దరూ చెవుల డాక్టరు దగ్గరకు వెళ్లారు. డాక్టరమ్మ ఆమెను గోడలకు మెత్తటి దిళ్లు వేసిన చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, చప్పుడు వినపడ్డప్పుడల్లా మీట నొక్కమంది. ఆ గదిలో ఉన్నంతసేపూ ఇంజనమ్మ అబద్ధం ఆడలేదు. వినపడితే నొక్కింది, వినపడకపోతే చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు చెయ్యి ఒళ్లోనే ఉంది. ఎడమ చెవిలో ఇక పెద్దగా మిగల్లేదని, కుడిచెవిని మాత్రం జాగ్రత్తగా కాపాడుకోవచ్చని డాక్టరమ్మ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. ఇంజను గదిలో చెవులకు దట్టమైన తొడుగులు లేకుండా అడుగు పెట్టకూడదంది.

యజమాని దగ్గరకు ఆమె తనే వెళ్లి మాట్లాడింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గంటకు తోడు ఒక ఎర్ర దీపం పెట్టించమంది. వారంలో సగం రోజులు తను రేవు మీద ఉంటానని, ఆ రోజుల్లో ఇంజను ఆడపడుచు చూసుకుంటుందని, నేర్పే పూచీ తనదని చెప్పింది. ఆడపడుచుకు ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. విని నోరెళ్లబెట్టి, తర్వాత రెండు రోజులు సంతోషంతో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

డాక్టరు దగ్గర నుంచి ఇంటికి నడిచి వచ్చిన ఆ సాయంత్రం వీధిలో జనం పలుచగా ఉన్నారు. దుకాణాల ముందు నీళ్లు చల్లి ఉన్నాయి. ఎడమ పక్కన నడుస్తున్న సరంగు కొంత దూరం వచ్చాక ఆగి, ఆమె వెనక నుంచి చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఆయనేదో చెప్పడం మొదలుపెట్టాడు. మామూలు మాటలే, రేపు మార్చాల్సిన తాడు గురించి. ఆమె నేల చూస్తూ, ఆయన పెదవుల వైపు చూడకుండా, ఇంటిదాకా వింటూ నడిచింది.